జార్జ్ ఇన్ మోడల్: గుర్రపుశాల దాకా వచ్చాను

లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలో, సదర్క్‌లో బరో హై స్ట్రీట్ పక్క సందులో ఉంటుంది జార్జ్ ఇన్. 1676 అగ్నిప్రమాదంలో కాలిపోతే 1677లో మళ్లీ కట్టారు. మేడ మీద కటకటాల వసారాలున్న పాత గుర్రబ్బగ్గీల సత్రాల్లో లండన్‌లో మిగిలింది ఇదొక్కటే. ఆ వాకిట్లో మొదటిసారి నిలబడ్డ రోజే దీన్ని నా చేత్తో కట్టి చూసుకోవాలనిపించింది.

కొలత: అడుగుకి 4 మిల్లీమీటర్లు, అంటే 1:76. బ్రిటన్‌లో మోడల్ రైళ్లవాళ్లు వాడే సైజు ఇదే కాబట్టి గుర్రాలు, పీపాలు, మనుషుల బొమ్మలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఎత్తుల కోసం చేతికందే చోట పది ఇటుక వరసలు టేపుతో కొలిచి, మిగతావి ఫోటోల్లో లెక్కపెట్టాను. నిచ్చెన అవసరం రాలేదు.

గోడలకి 2 మిల్లీమీటర్ల అట్ట. దాని మీద ఇటుకల కాగితం ఒకవైపే అంటించడంతో తెల్లారేసరికి గోడంతా పడవలా వంగిపోయింది. రెండు రోజుల పని పోయింది. ఇప్పుడు వెనకవైపు కూడా మామూలు కాగితం అంటించి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచుతున్నాను. రెండువైపులా తడి సమానంగా ఆరితే అట్ట వంగదు.

ఎక్కువ సమయం తిన్నవి వసారా కమ్మీలు. అసలువి బాగా లావుగా, నడుం దగ్గర బొద్దుగా తిరిగి ఉంటాయి. వాటిని చదును పుల్లలతో చేస్తే ఆ భవనం ముఖమే మారిపోతుంది. అందుకని టూత్‌పిక్‌ని చిన్న డ్రిల్లుకి బిగించి, నెమ్మదిగా తిప్పుతూ, మడిచిన గరుకు కాగితం అంచు రెండు చోట్ల ఆనించాను. మూడు సెకన్లు చాలు, మెడ సన్నబడి మధ్యలో బొడిపె నిలుస్తుంది. నాలుగో సెకనుకి విరుగుతుంది! ఒక్కోటీ 11 మిల్లీమీటర్లకి కోశాను. నిలువుగా నిలవడానికి కింది పట్టీలో ముందే సూదితో గుంటలు పెట్టుకోవాలి. మొదటి అంతస్తు అయిపోయింది, రెండోదానికి సగం కమ్మీలున్నాయి.

ఇక గుర్రపుశాల. అసలు చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే అది ఇప్పుడు లేదు. రైళ్లు వచ్చాక బగ్గీలు మూలపడ్డాయి. స్థలం గ్రేట్ నార్తర్న్ రైల్వే చేతికి వెళ్లాక 1889లో రెండు వైపుల భవనాలు కూల్చేశారు. నిలిచింది దక్షిణపు వరస మాత్రమే. 1937 నుంచి అది పాత కట్టడాలని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతిలో భద్రంగా ఉంది.

కాబట్టి శాలని ఆ కాలపు మామూలు పద్ధతిలో కట్టాను. ఒక్కో గుర్రానికి 6 అడుగుల వెడల్పు గది, నా కొలతలో 24 మిల్లీమీటర్లు. గదుల మధ్య చెక్క అడ్డు తల దగ్గర ఎత్తుగా, వెనక్కి వచ్చేకొద్దీ దిగుతుంది. పక్క గుర్రాన్ని కరవకుండా అన్నమాట. నేల వెనక్కి కాస్త వాలు, అక్కడ సన్న కాలువ. పైన ఎండుగడ్డి అటక. దాని నేలలో కంత పెడితే గడ్డి నేరుగా కింది మేత చట్రంలో పడుతుంది. తలుపు రెండు ముక్కలు: పైది తెరిస్తే గాలి, కిందిది మూస్తే గుర్రం లోపలే. ఆ తలుపుకి కాఫీ కలిపే పుల్లలు పొడవుగా చీల్చి వాడాను, నా కొలతకి సరిగ్గా సరిపోయాయి. గుండ్రాళ్ల నేల కోసం ఆరే మట్టి మీద బాల్‌పెన్ మూత అంచుతో ఒక్కో రాయి నొక్కాను. అరచేయంత నేలకి ఒక సాయంత్రం పట్టింది.

రంగుల విషయంలో ఒక నిర్ణయం తీసుకున్నాను. నిలబడి ఉన్న వరసకే రంగు వేస్తాను. గుర్రపుశాల, కూల్చేసిన రెండు వైపులు ఒట్టి అట్టగానే ఉంటాయి. నా ఊహని చూసి ఎవరూ చరిత్ర అనుకోకూడదు.

వచ్చే వారం పెంకుల కప్పు. కాగితం పట్టీలు కోయడం మొదలైంది, ఒక్కోటీ 2 మిల్లీమీటర్లు బయటికి కనబడేలా కింది నుంచి పైకి అంటించుకుంటూ పోవాలి.