ముందు టేపు, తర్వాత అల్మారా

ఆదివారం.

వారం రోజుల ముసురు తర్వాత ఇవాళ తెరిపిచ్చింది. హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేది ఆదివారమే. వాన పడితే పట్టాలు కప్పేస్తారు, అడుగున ఏముందో తెలీదు. ఇలా ఎండ కాసిన పూటే పుస్తకాన్ని తెరిచి, వాసన చూసి, పేజీలు లెక్కపెట్టి కొనే వీలు.

వాసన చూడటమంటే సరదాకి కాదు. పాత కాగితానికి కొంచెం తీయగా, ఎండుగడ్డిలా ఉండే వాసన సహజం. తడిగుడ్డ ముక్కినట్టు కొడితే మాత్రం లోపల బూజు ఉన్నట్టే, ఎంత మంచి పుస్తకమైనా అక్కడే పెట్టేయాలి. ఆ ఒక్కటీ ఇంట్లో ఉన్న మిగతావాటికి అంటిస్తుంది. తర్వాత అంచులు చూడాలి. గుండుసూది దూరేంత గుండ్రటి బెజ్జాలుండి, దులిపితే సన్నటి పొడి రాలితే పుస్తకాన్ని తొలిచే పెంకుపురుగు. అట్ట మీద రంగు అక్కడక్కడ గీకినట్టు పోయి, కాగితం పైపొర మాత్రమే పలచబడి ఉంటే సిల్వర్ ఫిష్. ఎండిన మట్టి చారలుంటే చెదలు. మూడూ ఒకటి కాదు, చెదలు పట్టిన పుస్తకమైతే ఇంటికే రాకూడదు.

పేజీలు లెక్కపెట్టడానికి ఒక సులువుంది. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమ్మీ అనే పెద్ద కాగితంలో ఎనిమిదో వంతు సైజు. ఒక్కసారిగా అచ్చేసి మడిచే కాగితాన్ని ఫారం అంటారు, ఫారానికి 16 పేజీలు. పోతే ఒక పేజీ పోవడం అరుదు, పోయేది ఫారానికి ఫారమే. లేదంటే ఒకే ఫారం రెండుసార్లు పడి తర్వాతది ఎగిరిపోతుంది. కాబట్టి మొత్తం తిప్పనక్కర్లేదు, 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 వస్తున్నాయా అని అతుకుల దగ్గర చూస్తే చాలు. 200 పేజీల పుస్తకానికి అర నిమిషం పట్టదు. నవలైతే చివరి పేజీ కూడా చూసుకోవాలి. చినిగేది ఎప్పుడూ అదే, మనకి కావలసిందీ అదే.

తెచ్చినవి సరాసరి అల్మారాలోకి వెళ్లకూడదు. మెత్తటి పెయింట్ బ్రష్‌తో, వెన్ను నుంచి బయటికి, బాల్కనీలో దులపాలి. తర్వాత అట్టపెట్టెలో రెండు వారాలు వేరుగా ఉంచాలి, అడుగున తెల్లకాగితం పరిచి. వారానికోసారి ఆ కాగితం చూస్తే కొత్తగా పొడి రాలిందో లేదో తెలిసిపోతుంది. రాలితే ఫ్రీజరే గతి. పుస్తకాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి, గాలంతా నొక్కేసి, గట్టిగా మూసి రెండు వారాలు ఉంచాలి. ఇంటి ఫ్రీజర్లు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆడతాయి, పురుగుకీ గుడ్డుకీ అది చాలు. జనం చెడగొట్టేది బయటికి తీసేటప్పుడు. తీయగానే కవర్ విప్పితే చల్లటి కాగితం మీద గది గాలి నీరు కడుతుంది, పురుగు పోయి బూజు వస్తుంది. ఒక రోజంతా కవర్‌లోనే ఉంచి, గది చల్లదనానికి వచ్చాక విప్పాలి. ఫ్రీజర్‌లో పుస్తకం చూసి ఇంట్లోవాళ్లు అనే మాటలకి మాత్రం మందు లేదు.

ఇక అల్మారా. ఇంట్లో లైబ్రరీ అనగానే ముందు వడ్రంగిని పిలుస్తారు. గోడ ఎంతుందో అతను కొలుస్తాడు, పుస్తకం ఎంతుందో ఎవరూ కొలవరు. పుస్తకాలు నేలమీద పేర్చి, సైజుల వారీగా కుప్పలు పోసి, టేపు పట్టాకే చెక్క మాట ఎత్తాలి. డెమ్మీ పుస్తకం ఎత్తు దాదాపు ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు ఐదున్నర. క్రౌన్ ఎనిమిదో వంతు ఏడున్నరకి అయిదు. నిఘంటువులు, బొమ్మల పుస్తకాలు, పాత వారపత్రికల బైండ్లు పది, పదకొండు అంగుళాల దాకా పోతాయి. అంటే తెలుగు పుస్తకానికి అర లోతు తొమ్మిదిన్నర అంగుళాలు ఉంటే ఎక్కువే. బట్టల బీరువాలా 15, 18 అంగుళాల లోతు పెట్టిస్తే రెండు వరసలు పేర్చాలనిపిస్తుంది, వెనక వరసలో పుస్తకం ఉందన్న సంగతే మరిచి మళ్లీ అదే కొంటారు.

ఆ తొమ్మిదిన్నర ఊరికే వచ్చింది కాదు. 8 అడుగులకి 4 అడుగుల ప్లైవుడ్ షీట్‌ని నిలువునా కోస్తే, రంపం తినేది పోను, తొమ్మిదిన్నర అంగుళాల పట్టీలు సరిగ్గా అయిదు వస్తాయి. రెండు పట్టీలు 7 అడుగుల పక్కలకి. మిగిలిన మూడింట్లో ఒక్కోదాంట్లో 30 అంగుళాల ముక్కలు మూడు, మొత్తం తొమ్మిది. ఎనిమిది ముక్కలు అరలకి, తొమ్మిదోది కింద నేలకి ఆనే నాలుగంగుళాల స్కర్టింగ్‌కి. లెక్క ఇలా పడుతుంది: 84 అంగుళాల ఎత్తులో స్కర్టింగ్ 4, చెక్కల మందం 6 పోతే మిగిలేది 74. అడుగు అర 13 పెద్ద పుస్తకాలకి, పైన ఆరు అరలు పది అంగుళాల పైచిలుకు చొప్పున డెమ్మీకి. వెనక 6 ఎం.ఎం. ప్లై ఒకటి, 7 అడుగులకి 3 అడుగులది. ఒక్క పెద్ద షీట్‌తో, తుక్కు దాదాపు లేకుండా, ఏడు అరలు.

అర పొడవు 30 అంగుళాలు దాటొద్దు అంటే మేస్త్రీలు ఒప్పుకోరు. "ఏం గాదు సార్, పద్దెనిమిది ఎం.ఎం. ఉంది గదా, నాలుగడుగులు ఇడిసిపెడదాం, జర ఓపెన్‌గా ఉంటది" అంటారు. కొన్నాళ్లు చెక్క బాగానే ఉంటుంది. ఏడాదికి మధ్యలో వేలెడు కిందికి దిగుతుంది. అడుగు పొడవున 200 పేజీల పుస్తకాలు ఇరవై, పాతిక పడతాయి, బరువు ఆరేడు కిలోలు, గట్టి అట్ట నిఘంటువులైతే పది దాటుతుంది. ఇది చీరల మడతల బరువు కాదు, ఏళ్ల తరబడి కదలని బరువు. పైగా అర వంగడం పొడవుతో పాటు నెమ్మదిగా పెరగదు. 30 అంగుళాలది 36 చేస్తే, అంగుళానికి అదే బరువు మీద, వంపు రెండింతలవుతుంది. 48 చేస్తే ఆరింతలకి పైనే. తప్పనిసరిగా పొడుగు అర కావాలంటే ముందంచుకి ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీ నిలువుగా కొట్టించాలి, లేదా మధ్యలో నిలువు చెక్క. పార్టికల్ బోర్డు రెడీమేడ్ అల్మారాలకి 24 అంగుళాలే హద్దు అనుకోవడం మంచిది.

ఆ పెద్ద షీట్ ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది, అంటే నీటికి తట్టుకునే ప్లై కావాలి, ఇల్లు కడిగినప్పుడల్లా కింది అర, స్కర్టింగ్ తడుస్తాయి. వెనక ప్లైకి మామూలు ఎమ్మార్ రకం (తేమకి కొంత ఆగేది) సరిపోతుంది. పైభాగాన్ని రెండు ఎల్ క్లాంపులతో గోడకి బిగించాలి. నిండిన అల్మారా వంద కిలోలు దాటుతుంది, పిల్లలు అరల్ని మెట్లనుకుంటారు. పాలిష్, జిగురు వాసన పోయేదాకా రెండు మూడు వారాలు ఖాళీగా ఉంచాలి. కొత్త అల్మారా రాగానే ఆ రాత్రే సర్దేసే ఆత్రం అందరికీ ఉంటుంది.

ఎక్కడ పెట్టాలన్నది హైదరాబాద్‌లో వానాకాలమే చెబుతుంది. బాత్‌రూమ్ గోడకి ఆనించకూడదు. పడమటి బయటిగోడ ఎండాకాలం కాలుతుంది, వానల్లో నిమ్ముతుంది, అదీ వద్దు. ఇవాళ చేయాల్సిన పరీక్ష చిన్నది: ముసురు వెలిసిన రోజున అరచేయి గోడకి ఆనించి, నేల నుంచి మూడడుగుల వరకు పాముతూ పోవాలి. చల్లగా తగిలినా, సున్నం పొంగి ఉన్నా ఆ చోటు వదిలేయాలి. మంచి గోడకైనా రెండంగుళాలు ఎడం వదలాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి అరలో పెట్టుకుంటే 65 శాతం దాటినప్పుడు ఫ్యాన్ వేయాలని తెలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు తెరిచిన అల్మారాలో మనుషులకి తలనొప్పే తప్ప పురుగుకి పెద్దగా ఏమీ కావు. వేపాకు పెట్టేవాళ్లు నీడన పూర్తిగా ఎండబెట్టి పెట్టాలి, పచ్చిది పెడితే తేమని మనమే తెచ్చి పెట్టినట్టు. ఏడాదికి రెండుసార్లు పుస్తకం పుస్తకం తీసి దులపడాన్ని మించిన మందు నాకు కనబడలేదు. ఒకటి దసరాకి సరస్వతీ పూజ పేరుతో ఎలాగూ తీస్తాం, అప్పుడు పైన నాలుగు కాక మొత్తం తీస్తే సరి.

మరమ్మతుల గురించి రెండు మాటలు. సెలోటేపు వద్దు. జిగురు పచ్చబడి, కారి, పక్కపేజీకి అంటుకుని, చిరుగు కంటే పెద్ద మచ్చ చేస్తుంది. పల్చటి టిష్యూ కాగితం, మైదా లై చాలు. బైండర్లు ఆ లైలో చిటికెడు మైలుతుత్తం కలిపేది పురుగు కోసమే. అది విషం, ఇంట్లో పిల్లలుంటే కలపకుండా అప్పటికప్పుడు ఉడికించుకున్నది వాడటం మేలు. బైండింగ్‌కి ఇస్తే రెండు షరతులు ముందే చెప్పాలి: అంచులు కత్తిరించొద్దు, పక్కకుట్టు వేయొద్దు. పక్కకుట్టు వేస్తే లోపలి మార్జిన్ మింగేసి పుస్తకం మళ్లీ ఎప్పుడూ పూర్తిగా విచ్చుకోదు. పీవీసీ అట్టలు కూడా వద్దు, మే నెల వేడికి ముఖచిత్రం రంగుకి అతుక్కుంటాయి. బడి రోజుల బ్రౌన్ పేపర్ అట్టే నయం, వెన్ను మీద పేరు రాయడం మరిచిపోకపోతే.

సర్దడం దగ్గర, విషయానికో అంకె ఇచ్చే గ్రంథాలయాల డ్యూయీ లెక్క పెట్టుకుంటే తమాషాగా ఉంటుంది. 1876 నాటి ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికి వస్తుంది. ఇంట్లో ఉన్నవాటిలో ముప్పాతిక వంతు అదే అయినప్పుడు, ప్రతి వెన్ను మీదా ఒకే అంకె అంటించి ఏం లాభం? ఇంటికి కథలు, నవలలు, కవిత్వం, ఆత్మకథలు, చరిత్ర, నిఘంటువులు అన్న పెద్ద ముక్కలు చాలు. వాటిలో రచయిత పేరు వరస. అది కూడా లోకం పిలిచే పేరుతోనే. రావిశాస్త్రి "ర" దగ్గర ఉంటే ఎవరైనా తీస్తారు. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికేవాళ్లు ఇంట్లో ఉండరు. పూర్తి పేరు జాబితాలో ఇంకో గడిలో ఉంటే చాలు. మన కవిత్వ సంపుటాలు అరవై, డెబ్భై పేజీలు, వెన్ను మీద పేరు పట్టదు, అరలో నిలబెడితే మాయమవుతాయి. వాటిని పత్రికలు పెట్టే అట్ట డబ్బాల్లో వేసి, డబ్బా మీద పేర్లు రాయాలి.

జాబితా స్ప్రెడ్‌షీట్‌లో చేస్తే వరస సంఖ్య, పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఏ అర, ఎవరి దగ్గరుంది, ఇంతకు మించి గడులు అక్కర్లేదు. బార్‌కోడ్ స్కాన్ చేసే యాప్‌లు పాత తెలుగు పుస్తకాల దగ్గర చేతులెత్తేస్తాయి, వాటికి ఐ.ఎస్.బి.ఎన్. ఉండదు. చేత్తో కొట్టాల్సిందే, గంటకి 30 అయితే గొప్ప. అసలు చిక్కు తర్వాత వెతికేటప్పుడు వస్తుంది. ఒకచోట విశ్వనాథ, ఇంకోచోట విశ్వనాధ అని పడితే సగం పుస్తకాలు దొరకవు. "హైదరాబాద్‌లో" అన్న మాటలో "ద్"కీ "లో"కీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది, కొన్ని కీబోర్డులు వేస్తాయి, కొన్ని వేయవు. అది లేకుండా వెతికితే ఉన్న పుస్తకం లేదంటుంది. పూర్తి పేరు కాకుండా "హైదరా" అని మొదటి ముక్కతో వెతకడం అలవాటు చేసుకోవాలి.

ఎన్ని పడతాయి? ఆ ఒక్క అల్మారాలో 210 అంగుళాలు, అంటే పదిహేడున్నర అడుగులు. కిక్కిరిస్తే నాలుగు వందలు పట్టొచ్చు, కానీ మూడు వందల దగ్గర ఆపాలి. ప్రతి అరలో కుడిచివర ఐదారు అంగుళాలు ఖాళీ వదిలితేనే కొత్తది తన చోట చేరుతుంది, లేకపోతే ఒక్క పుస్తకం కోసం ఏడు అరలు జరపాలి. గ్రంథాలయం పెరిగే జీవి అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రం చేశారు, డిసెంబరులో బుక్ ఫెయిర్ కూడా వస్తుంది. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలైంది. ఇల్లు చిన్నదన్నది సాకు కాదన్నమాట, ఖాళీ వదలకపోవడమే తప్పు.

ఇవాళ వచ్చినవి ఏడు. ఆరు బాల్కనీ పక్క అట్టపెట్టెలో. ఏడోదాని వెన్ను దగ్గర మూడు బెజ్జాలు, తట్టితే సన్నటి పొడి. కవర్ కట్టి ఫ్రీజర్‌లో, ఇడ్లీ పిండి డబ్బా పైన. కవర్ మీద తేదీ వేసి రాయాల్సింది రాశాను: పై ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. సోమవారం దాకా విప్పొద్దు.