కడపలో కథలు రాసేవాళ్ళు నలుగురు కూర్చుంటే

కథ రాయడం నేర్చుకోవాలంటే సభలూ సన్మానాలూ అక్కర్లేదు. రాయాలన్న తపన ఉన్నవాళ్ళు ఐదారుగురు, నెలకు రెండు ఆదివారాలు, కూర్చోవడానికి ఎవరిదో ఒక మిద్దె ఉంటే చాలు. కడప ఎండలకు సాయంత్రం ఆరు దాటాక మొదలుపెట్టడం మేలు. ఎనిమిది మందికి మించి వద్దు. రెండు గంటల్లో రెండు కథల కంటే ఎక్కువ చూడలేం. పన్నెండు మందైతే ఒకరి వంతు మళ్ళీ రావడానికి మూడు నెలలు పడుతుంది, ఆలోగా రాసే ఊపు పోతుంది.

కథ 1,200 మాటల లోపు ఉండాలి. 14 పాయింటు అక్షరాల్లో ఏ4 మీద నాలుగైదు పేజీలొస్తుంది, పైకి చదివితే పది పన్నెండు నిమిషాలు. మనిషికొక జిరాక్సు కాపీ, వింటూ ఆగిన చోట గీత పెట్టుకోవడానికి ఒక పెన్సిలు ఇవ్వండి.

రాసినవాళ్ళు తమ కథ తాము చదవకూడదు. పక్కవాళ్ళ చేత చదివించాలి. రాసిన మనిషి గొంతు తప్పుల్ని కప్పేస్తుంది, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఒత్తి పలకాలో ఆ మనిషికి ముందే తెలుసు కాబట్టి. కొత్త గొంతు తడబడిన చోటే వాక్యం సరిగా లేదని అర్థం. మన భాషలో తడబాటుకు ముఖ్యమైన కారణం ఒకటుంది. ‘వచ్చింది’, ‘చూసింది’ అంటే ఆడమనిషైనా కావచ్చు, బర్రెగొడ్డైనా కావచ్చు. అత్తాకోడళ్ళిద్దరూ ఉన్న సన్నివేశంలో నాలుగు వరుసల్లో నాలుగుసార్లు ‘అంది’ వస్తే ఎవరేమన్నారో తెలియక చదివేవాళ్ళు వెనక్కి పోతారు. రాసేటప్పుడు ఇది కనిపించదు, ఇద్దరి ముఖాలూ మన కళ్ళ ముందే ఉంటాయి కదా.

చదవడం అయ్యాక మొదట ఒకరు కథను రెండు మూడు మాటల్లో తిరిగి చెప్పాలి. మెచ్చుకోలు అప్పుడే వద్దు. విన్నది చెప్తే చాలు. ‘తమ్ముడు పొలం అమ్మనంటాడు, అన్న బలవంతం చేస్తాడు’ అని వినేవాళ్ళు చెప్తే, రాసినావిడ ఉద్దేశం ఆ అన్నదమ్ముల అమ్మ కథ చెప్పడమైతే, ఏ విమర్శా లేకుండానే లోపం బయటపడింది. తర్వాత ఒక్కొక్కరు తమ మనసు ఎక్కడ పక్కకు పోయిందో పేజీ, పేరా చెప్పి చూపించాలి. ఇలా మాట్లాడుకునే ఇరవై నిమిషాలూ రాసినవాళ్ళు నోరు మెదపకూడదు. ఇది కష్టమే, కానీ తప్పదు. ‘అక్కడ నా ఉద్దేశం ఏమంటే’ అని మొదలుపెడితే వివరణ విని అందరూ సర్దుకుంటారు. పత్రికలో చదివేవాళ్ళ పక్కన మనం కూర్చుని వివరించలేం.

చివర్లో కాపీలన్నీ రాసినవాళ్ళకే ఇచ్చేయాలి. ఇంట్లో పక్కపక్కన పరిచి చూసుకోవాలి. ఒకే చోట మూడు పెన్సిళ్ళు ఆగి ఉంటే అక్కడ తిరగరాయాలి. ఒక్క గీతే ఉంటే అది ఆ మనిషి అభిరుచి, వదిలేయొచ్చు. ప్రతులు పోల్చి చూడటం ఈ ఊరికి కొత్త కాదు. 1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, వాటిలోని తేడాలు సరిచూపించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం ఉంది. బృందంలో ఉన్నవాళ్ళు అక్కడికి పోయి చదవడం అలవాటు చేసుకోవాలి. మన జిల్లావాసి కేతు విశ్వనాథరెడ్డికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కథల పుస్తకానికే. అలాంటి కథ ఒకటి తీసుకుని, మొదటి సంభాషణ ఎన్నో వాక్యంలో వచ్చిందో, అప్పటికి మనకు ఏమేం తెలిసిందో రాసుకుని చూడండి. ఉపన్యాసం విన్నదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

బృందాలు చెడిపోయేది ఎక్కువగా రెండు రకాలుగా. అన్నిటికీ ‘బాగుందన్నా’ అనడం ఒకటి, కథ వదిలేసి కథలోని సమస్య మీద వాదించుకోవడం రెండోది. రెండోదే ప్రమాదం, ఎందుకంటే అది లోతైన చర్చలా కనిపిస్తుంది. ఎవరైనా నీటి వాటాల గురించి మొదలుపెడితే ‘ఏ పేజీ?’ అని అడగండి.

యాస గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ‘వస్తున్నాడు’ అనడానికి కడపలో ‘వచ్చాండాడు’ అనేవాళ్ళున్నారు, ‘వస్తాండాడు’ అనేవాళ్ళూ ఉన్నారు. ఒక పాత్రకు ఒకటి ఖాయం చేసుకుని చివరిదాకా అదే రాయండి. పలికే ప్రతి శబ్దాన్నీ కాగితం మీద పెట్టాలని చూస్తే పక్క జిల్లావాళ్ళు కూడా కూడబలుక్కుని చదవాల్సి వస్తుంది. క్రియ చివర్లూ, ‘యాడికి’, ‘అట్ల’ లాంటి మాటలూ, వాక్యం విరుపూ ఉంటే యాస వినిపిస్తుంది. చదువుకున్న పాత్రలకు మామూలు తెలుగు, కూలికి పోయేవాళ్ళకు మాత్రం యాస ఇవ్వడం అన్యాయం. మన ఊళ్ళో లెక్చరరు కూడా ఇంట్లో ‘యాడికి పోతాండావ్’ అనే అంటాడు.

కూర్చున్నప్పుడల్లా పదిహేను నిమిషాలు అక్కడికక్కడే రాయాలి. సీమ కథకు పనికొచ్చే అభ్యాసం ఒకటి: బోరు వేసే రోజు రాయండి, ‘కరువు’, ‘కన్నీళ్ళు’ అనే మాటలు వాడకుండా. అప్పుడు చేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు పడే పాయింటు చూపించే మనిషి వస్తాడు. బోరు బండి శబ్దం, కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దిగిందో, రాయి తగిలాక లేచే దుమ్ము, అడుగుకింత అని వేళ్ళ మీద లెక్కేసుకునే రైతు, ఇంకో యాభై అడుగులు పోదామా వద్దా అని ఇంటావిడ ముఖం చూడటం కూడా వస్తాయి. ఆ చివరి చూపులోనే కథ ఉంది. కరువు అని రాస్తే చదివేవాళ్ళు ఇదివరకే తెలిసిన బాధను గుర్తు చేసుకుంటారు, ఈ ఇంటి బాధ వాళ్ళకు అందదు.

ఒక నియమం గట్టిగా పెట్టుకోండి: పాత కథ తిరగరాసి తేకుండా కొత్త కథ తేకూడదు. తిరగరాయడానికి మూడు నాలుగు వారాలు పట్టినా ఫర్వాలేదు. మొదటి పేరాను చేత్తో మూసి రెండో పేరా నుంచి చదివి చూడండి. ఏమీ తగ్గలేదనిపిస్తే కొట్టేయండి. తెల్లవారడంతో మొదలయ్యే కథలకు ఇది చాలాసార్లు జరుగుతుంది.

పత్రికకు పంపేముందు మాటల పరిమితి చూసుకోండి. సొంత రచనేననీ, మరెక్కడా అచ్చు కాలేదనీ, పరిశీలనలో లేదనీ హామీ రాసివ్వమంటారు. ఫేస్‌బుక్‌లో పెట్టినా అచ్చయినట్టే లెక్కపెట్టే పత్రికలున్నాయి, కాబట్టి బృందంలో కథ కాగితాల మీదే తిరగాలి. డీటీపీ చేయిస్తే యూనికోడ్‌లో ఇమ్మని ముందే చెప్పండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి.