పళ్లు పొడుగైనట్టు కనిపిస్తున్నాయా? గుడాకు సీమలో చిగుళ్ల సంగతి

పెద్దయ్యాక పళ్లు పొడుగవ్వవు. చిగురు తగ్గి, దాని చాటున ఉండాల్సిన వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామెల్ ఉండదు కాబట్టి చల్లనీళ్లు పుక్కిలిస్తే చాలు, జివ్వుమంటుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో ఈ మాట ఎత్తగానే వచ్చే సలహాలు రెండు. "గట్టిగా తోము" అనేది ఒకటి, "కాస్త గుడాకు (పొగాకు, బెల్లం మడ్డి కలిపిన నల్లటి ముద్ద) పెట్టు, లాగేస్తుంది" అనేది ఇంకొకటి. ఈ రెండూ మిగిలిన చిగురుని కూడా తినేసేవే.

చిగురు ఎక్కువగా రెండు దారుల్లో తగ్గుతుంది. పాచి పేరుకుని, గారగా గట్టిపడి, దాని కింద ఎముక కరుగుతూ ఉంటే చిగురు కూడా ఎముక వెంటే పోతుంది. ఇది మొదటి దారి. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం: పళ్లు తళతళలాడుతూనే ఉంటాయి, గట్టి బ్రష్షుతో అడ్డంగా రాపాడించడం వల్ల పల్చటి చిగురు అరిగిపోతుంది. మొదటివారు ఇంకా శ్రద్ధగా తోమాలి, రెండోవారు చెయ్యి తేలిక చేసుకోవాలి. ఎవరు ఏ రకమో తెలియకుండా సలహా ఇవ్వడం వల్లే సగం నష్టం జరుగుతోంది.

తెలుసుకోవడం కష్టమేం కాదు. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, కింది ముందుపళ్ల లోపలివైపు, అంటే నాలుక తగిలే వైపు చూడండి. లాలాజలం ఊరే గొట్టం అక్కడే తెరుచుకుంటుంది కాబట్టి గార ముందు అక్కడ పడుతుంది. పసుపో నలుపో గట్టి పెళ్లలు కనిపించి, చిగురు ఎర్రగా ఉబ్బి, పళ్ల మధ్య నల్లటి సందులు ఏర్పడి, నోరు వాసన వేస్తుంటే మొదటి రకం. అలా కాకుండా చిగురు గులాబీ రంగులో గట్టిగా ఉండి, కోరపళ్లు, వాటి వెనక పళ్ల మీద బయటివైపు మాత్రమే తగ్గి, పంటి మెడ దగ్గర గోరు తగులుకునేంత గాడి పడి ఉంటే రెండో రకం. కుడిచేత్తో తోముకునేవారికి ఇది తరచుగా ఎడమవైపు ఎక్కువ. ఒక్క పన్ను దగ్గరే తగ్గితే ఆ పన్ను వరస దాటి ముందుకు వచ్చిందేమో, పెదవి లోపలి తాడు లాంటి కండ చిగురుని లాగుతోందేమో చూడాలి. ఖైనీ వేసేవారికైతే వక్కాణించనక్కర్లేదు: ముద్ద ఏ మడతలో పెడతారో సరిగ్గా అక్కడే చిగురు దిగి, పక్కన తెల్లగా ముడతలు పడ్డ చర్మం కనిపిస్తుంది.

ఇక గుడాకు. ఈ పొగాకు ముద్దని పళ్లు తోమే సామానుగా చూడటం దగ్గరే చిక్కంతా ఉంది. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని కేంద్రం 1992లోనే నిషేధించింది. అయినా కిల్లీ కొట్టులో చిన్న డబ్బాలు దొరుకుతూనే ఉన్నాయి, ఇంట్లో ఆడవాళ్ల చూపుడు వేలికి అంటుతూనే ఉన్నాయి. నికోటిన్ చిగుళ్లలో రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందువల్ల లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం రాదు, "నా చిగుళ్లకేం, రాయిలా ఉన్నాయి" అనిపిస్తుంది. మానేసిన కొన్ని వారాల్లో రక్తం కనిపించవచ్చు. మానడం వల్ల జబ్బు వచ్చిందనుకుని చాలామంది మళ్లీ డబ్బా తెరుస్తారు. నిజానికి అప్పటిదాకా దాగి ఉన్నది బయటపడిందంతే.

గుడాకు మానేటప్పుడు అన్నింటికంటే కష్టమైనది పొద్దున్నది. అది వేలికి అంటనిదే విరేచనం కాదని నమ్మకం. కొందరికి మొదటి రోజుల్లో నిజంగానే మలబద్ధకం వస్తుంది కూడా. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, పీచున్న తిండి పెట్టుకుని ముందే సిద్ధపడండి. తలనొప్పి, చిరాకు మొదటి వారం గట్టిగా ఉంటాయి, తర్వాత దిగుతాయి. కోరిక ఒక్కోసారి కొన్ని నిమిషాలే నిలుస్తుంది, ఆ కాసేపూ సోంపో లవంగమో నోట్లో ఉంచుకోండి. మందుల షాపులో దొరికే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కూడా పనికొస్తుంది, కానీ దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు: ఘాటు తగిలేదాకా నమిలి, బుగ్గ పక్కన ఆపి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టర్ని అడిగే వాడాలి. సాయం కావాలంటే దేశమంతటికీ ఉన్న ఉచిత నంబరు 1800-11-2356. మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్షా వైపు ఇదే నష్టం ఖర్రా (పొగాకు, వక్క, సున్నం కలిపి నమిలేది) రూపంలో జరుగుతుంది. అందులో వక్క ఉండటం వల్ల నోరు తెరుచుకోవడమే తగ్గిపోయి, బ్రష్షు వెనక పళ్లదాకా పోదు.

తోమడం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే జారిన చిగురుకి రోజూ జరిగే వైద్యం ఇదే. 'సాఫ్ట్' అని రాసి ఉన్న బ్రష్షు, శనగగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. బ్రష్షుని పిడికిలితో పట్టకండి, పెన్ను పట్టినట్టు వేళ్లతో పట్టుకుంటే బలం తనంతట తానే తగ్గుతుంది. కుచ్చుని చిగురు, పన్ను కలిసే గీత మీద 45 డిగ్రీల వాలుగా ఆనించి, రెండేసి పళ్ల దగ్గర ఉన్నచోటే సన్నగా పదిసార్లు కదిలించి, అప్పుడు చిగురు నుంచి పంటి కొనవైపు తుడవండి. పైపళ్లు పైనుంచి కిందికి, కిందిపళ్లు కిందనుంచి పైకి. మొత్తం రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. నెలలోపే కుచ్చు విచ్చుకుపోతోందంటే మీ చెయ్యి బరువుగా ఉన్నట్టే.

జివ్వుమనేవారు 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడి, ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయాలి. రాత్రి పడుకునే ముందు కొంచెం వేలితో వేరు మీద రాసి ఉంచితే ఇంకా మంచిది. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడు రోజులు వాడి పనిచేయలేదనకండి. పులిసిన అంబలి, నిమ్మకాయ పిండుకున్న పొఖాళొ (నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన అన్నం) తిన్న వెంటనే తోమవద్దు. పులుపుకి వేరు పైపొర మెత్తబడి ఉంటుంది. నీళ్లు పుక్కిలించి అరగంట ఆగండి.

సందుల్లోకి బ్రష్షు పోదు. వాటికి సన్నటి సందు బ్రష్షులు వేరే దొరుకుతాయి. కాస్త బిగువుగా దూరేది మీ సైజు. బలవంతంగా తోస్తే చిగురు చీరుకుంటుంది. పిన్నీసు, చీపురుపుల్ల, అగ్గిపుల్ల వద్దే వద్దు. పందుంపుల్ల పర్వాలేదు, కొన బాగా నమిలి మెత్తని కుచ్చు చేసుకుంటే; గరుకు పుల్లతో అడ్డంగా రాస్తే గట్టి బ్రష్షుకంటే తీసిపోదు. కచ్చిక (కాల్చిన పిడక బూడిద), బొగ్గు, ఇటుకపొడి, గళ్లుప్పు వేరుని అరగదీసేవే. ఉప్పు కావాలంటే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా కలిపి పుక్కిలించండి. గమ్ పెయింట్ రాస్తే కాసేపు చిగురు బిగుసుకున్నట్టుంటుంది, నువ్వులనూనె పుక్కిలిస్తే హాని లేదు. కానీ గారని ఏదీ కరిగించదు, పోయిన చిగురుని ఏ ట్యూబూ మొలిపించదు.

గార పోవాలంటే డాక్టరు దగ్గర క్లీనింగ్ ఒక్కటే దారి. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి, సందులు పడతాయి" అనే భయం వట్టిదే కానీ, గాల్లోంచి పుట్టింది కాదు. గార పెళ్లలు సందుల్ని పూడ్చి, వదులైన పళ్లను పట్టి ఉంచుతాయి. అవి పోగానే, చిగురు వాపు కూడా తీయగానే అసలు నష్టం కనిపిస్తుంది. ఓ వారం రెండు వారాలు జివ్వుమనడం కూడా మామూలే. డాక్టరు సన్నటి గీతల పుల్లతో ప్రతి పంటి చుట్టూ లోతు కొలవాలి. 3 మిల్లీమీటర్ల దాకా సరే. 4, అంతకు మించితే మత్తిచ్చి వేరు దాకా లోతుగా శుభ్రం చేయాలి, సాధారణంగా రెండు మూడు సార్లుగా. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ కొలిపించుకోవాలి. ఆ తర్వాత కొంతకాలం మూడు నెలలకోసారి వెళ్లాలి. నలభై లోపే పళ్లు కదులుతుంటే ముందు షుగర్ పరీక్ష చేయించండి. షుగర్ అదుపులో లేనిదే చిగురు నిలవదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఇస్తే చెప్పిన రెండు వారాలే వాడండి, పేస్టుకీ దానికీ అరగంట తేడా ఉంచండి. ఎక్కువకాలం వాడితే పళ్లకి గోధుమరంగు మరక పడుతుంది, రుచి పోతుంది.

చిగురు అతికించే ఆపరేషన్ అందరికీ అవసరం లేదు. చాలామందికి ఉన్నచోట ఆపగలిగితే అదే విజయం. మూడు నెలలకోసారి ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. జారుడు పెరుగుతూనే ఉంటే, పేస్టుకి జివ్వుమనడం తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి. అంగిలి నుంచి సన్నటి పొర తీసి వేరు మీద పరిచి, చిగురుతో కప్పి కుడతారు. పళ్ల మధ్య త్రికోణపు చిగురు, దాని కింద ఎముక చెక్కుచెదరకుండా ఉంటే వేరు పూర్తిగా కప్పడానికి వీలుంది. అవి పోయి ఉంటే కొంతే కప్పబడుతుంది. పూర్తిగా తెస్తానన్న మాట నమ్మకండి. అడ్డపొగ తాగే పెద్దవాళ్లకి ముందు ఆ అంగిలినే పరీక్షించాలి. నిప్పు లోపల పెట్టి తాగే చుట్టకి అక్కడ చర్మం మందమై, తెల్ల మచ్చలు పడుతుంది, క్యాన్సర్ కూడా రావచ్చు. నోట్లో ఎక్కడైనా పుండుగానీ మచ్చగానీ రెండు వారాలు దాటి మానకపోతే చిగురు సంగతి పక్కన పెట్టి దాన్ని ముందు చూపించండి.

ఆపరేషన్ అయ్యాక కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. డాక్టరు సరే అనేదాకా ఆ చోట బ్రష్షు తగలకూడదు, పెదవి ఎత్తి అద్దంలో చూసుకోకూడదు. ఆ లాగుడుకే కుట్టు ఊడుతుంది. పొగాకు ముందే మానకుండా ఈ ఆపరేషన్‌కి డబ్బు పెట్టకండి, అతికించిన పొరకి రక్తం అందదు. కటక్ ఎస్‌.సి.బి. డెంటల్ కాలేజీలో చిగుళ్లకి ప్రత్యేక విభాగం ఉంది. రాయగడ, పర్లాకిమిడి వారికి విశాఖపట్నం దగ్గర. వెళ్లేటప్పుడు వాడుతున్న బ్రష్షు, పాత ఎక్స్‌రేలు, ఫోన్‌లో తీసిన ఫొటోలు, రోజుకి ఎన్నిసార్లు గుడాకు పెడతారన్న నిజమైన లెక్క తీసుకెళ్లండి.