మా ఊరి నీళ్ల మీద పడిన నింద

బ్రేసెస్ తీసేసి ఏడాది దాటింది. ఇప్పుడు అద్దం ముందు నిలబడి నవ్వుకోగలుగుతున్నాను కనుక, ఆనాటి సంగతి కోపం మరీ పొంగకుండా రాయగలననిపిస్తోంది.

ఉద్యోగానికని చెన్నై వచ్చి వేళచ్చేరిలో ఉంటూ, ఇరవై ఆరో ఏట ఎత్తుపళ్లు సరిచేయించుకోవడానికి దగ్గర్లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేరాను. ఎక్స్‌రేలు, ఫొటోలు, అచ్చులు, వైర్లు అందరికీ జరిగినట్టే జరిగాయి. నెలనెలా వైరు బిగించి డబ్బు కట్టించుకున్నారే తప్ప, వైరును పట్టి ఉంచడానికి పళ్లకు అంటించిన బ్రాకెట్ల చుట్టూ పేరుకునే పాచిని ఎలా తీయాలో ఒక్కరూ చేసి చూపించలేదు. "బాగా తోముకోండి" అనేవారు, అంతే. ఆఫీసులో రోజుకు ఐదుసార్లు చక్కెర వేసిన ఫిల్టర్ కాఫీని గుక్క గుక్కగా గంటసేపు తాగేదాన్ని. ఆ తప్పు మాత్రం నాదే.

పదకొండో నెలలో ఒక రాత్రి జంతిక కొరికితే, కోరపన్నుకు ముందున్న పంటి బ్రాకెట్ ఊడి నాలుక మీద పడింది. ఫోను లైటు వేసి చూసుకుంటే, బ్రాకెట్ అంటుకుని ఉన్న చోటు నున్నగానే ఉంది; దాని చుట్టూ, ముఖ్యంగా చిగురు వైపున, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి అంచు ఉంది. గోటితో తాకితే గరుకుగా తగిలింది. పక్క పళ్లకూ అదే గీత. పళ్లన్నీ పొడిపొడిగా రాలిపోతాయన్న భయంతో, తెల్లవారేదాకా నాలుకతో ఆ గరుకునే తడుముతూ మంచం మీద కూర్చున్నాను.

మర్నాడు క్లినిక్‌లోని యువ డాక్టరు, తెలుగువాడే, నా నోటికంటే ముందు కాగితంలోని శాశ్వత చిరునామా చూశాడు. "కనిగిరా? ఫ్లోరైడ్ నీళ్ల ఊరు కదండీ, మీ పళ్లు మొదటినుంచీ ఇంతే అయ్యుంటాయి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కనిగిరి ప్రాంతం అప్పట్లో ఉన్న నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు, ఉందని 1937లోనే వైద్యులు రాశారు. మా నాన్న పళ్ల మీది గోధుమరంగు చారలు దానికి సాక్ష్యం. కానీ నేను పెరిగింది విజయవాడలో, కృష్ణ నీళ్లు తాగి. పైగా ఆ జబ్బు పళ్లకు, అవి దవడలో తయారయ్యే వయసులో పట్టుకునేదే తప్ప, పెద్దయ్యాక పదకొండు నెలల్లో బ్రాకెట్ల చుట్టూ గీత గీసేది కాదు. మొదటిరోజు మీరు తీసిన ఫొటోలు తెరవండి అన్నాను. తెరిచాడు, ఒక్క మచ్చ లేదు. క్షమించమనలేదు, పళ్లకు పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌కు అదనంగా ఎంతవుతుందో చెప్పాడు.

లేచి వచ్చేసి, ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో వరుసలో నిలబడ్డాను. అక్కడి పీజీ డాక్టరమ్మ పళ్లకు రంగుమందు పూసి, గులాబీ రంగు అంటుకున్న చోటల్లా పాచేనని అద్దంలో చూపించారు. ఆ పాచిలో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయనీ, ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పి.హెచ్. అనే కొలత 5.5 కంటే తగ్గితే పంటి గట్టి పైపొర ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతాయనీ, లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంట పడుతుంటే నా ప్రతి గుక్కా లెక్కను మళ్లీ మొదటికి తెస్తోందనీ ఓపికగా వివరించారు. పాచి వదలకుండా ఉంటే నాలుగు వారాల్లోనే తెల్లమచ్చ కనిపించవచ్చట. పైపొర విరగనంతవరకు పోయిన ఖనిజం కొంత తిరిగి చేరుతుందని ఆవిడ అన్నప్పుడు, పదిమంది ముందే ఏడ్చేశాను.

అమ్మ మాలకొండ నరసింహస్వామికి మొక్కుకుంది. నేను పళ్ల సందుల బ్రష్ కొనుక్కున్నాను. మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ వేశారు. పైపొర విరిగిన ఒక్క పంటికి సిమెంటు నింపారు. మచ్చలు చాలావరకు మసకబారాయి, రెండు మిగిలాయి. బ్రేసెస్ వేయించుకోబోయేవారు మొదటిరోజు తీసిన ఫొటోల ప్రతిని అడిగి తెచ్చుకోండి. కాఫీ తాగితే ఒక్కసారిగా తాగేసి నీళ్లు పుక్కిలించండి.

సంక్రాంతికి కనిగిరి వెళ్తే, నాన్న నా పేస్టు మీద ‘ఫ్లోరైడ్’ అన్న మాట చదివి దాన్ని గూట్లోంచి తీసి పక్కన పెట్టేశారు. చిన్నప్పటినుంచీ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడం వేరు, పంటికి రాసి ఉమ్మేయడం వేరు నాన్నా అని చెప్పాను. అంతా విన్నారు. మర్నాడు పొద్దున వేపపుల్లతోనే తోముకున్నారు.