బాపు పుస్తకాలు, నా పేజీ

వరంగల్ కొత్తవాడలో మాది దర్రీల దుకాణం. నేత పని బాపు చూస్తాడు, అమ్మకాలు నేను చూస్తాను. ఆరేండ్లుగా ఆర్డర్లన్నీ ఒక పెద్ద సోషల్ నెట్‌వర్క్‌లోని మా పేజీకే వచ్చేవి. దసరాకు ముందు ఒకరోజు పొద్దున చూస్తే పేజీ తెరుచుకోలేదు. నిబంధన తప్పామట. ఏ నిబంధనో చెప్పలేదు. ఆధార్ పంపినం, అప్పీలు పెట్టినం, పంతొమ్మిది రోజులు జవాబు లేదు. బాపు దగ్గర ముప్పై ఏండ్ల కిందటి ఆర్డర్ల పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నావి ఒక్క పూటలో పోయినయి. నాకు ఏడుపొచ్చింది.

హనుమకొండలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు మాస్టొడాన్ గురించి చెప్పిండు. సొంత సోషల్ నెట్‌వర్క్ నడుపుకోవడానికి యూజెన్ రోచ్కో అనే ప్రోగ్రామర్ 2016లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఈమెయిల్ లాగానే ఎవరి సర్వర్ వాళ్లు, అంటే ఎప్పుడూ ఇంటర్నెట్‌లో నడిచే కంప్యూటర్, పెట్టుకోవచ్చు. సర్వర్లు యాక్టివిటీపబ్ అనే పద్ధతిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018లో ఆమోదించింది.

"మామా, డొమైన్ పేరు, అంటే మన సర్వర్‌కు ఇంటర్నెట్‌లో ఉండే అడ్రసు, ఆలోచించి చెప్పు. సర్వర్ నడవడం మొదలైనంక మార్చలేం" అన్నడు. ఆ రాత్రంతా బాపు, నేను పేర్లు రాసుకుంటూ కూర్చున్నం. చివరికి దుకాణం బోర్డు మీద ఉన్న పేరే పెట్టినం.

సర్వర్ అద్దెకు తీసుకుని నిలబెట్టడానికి రెండు రోజులు పట్టింది. తీరా తెరిస్తే లోపల ఏమీ లేదు. మనం ఎవరినైనా ఫాలో అయితేనే వాళ్ల పోస్టులు వస్తాయి, అవి కూడా అప్పటినుంచి వేసేవే. చేనేత మీద ఇష్టమున్నోళ్లను వెతికి వెతికి ఫాలో అయినం. నెల తిరగకముందే డిస్క్ నిండి సర్వర్ ఆగిపోయింది. మా ఫొటోలు కొన్నే. మేము ఫాలో అయ్యేవాళ్ల బొమ్మల నకళ్లు కూడా మా డిస్క్‌లోనే చేరుతున్నాయని అప్పుడు తెలిసింది. వారం దాటిన నకళ్లు వాటంతటవే పోయేలా సెట్టింగ్ పెట్టినంక ఊపిరి పీల్చుకున్నం. ఒక్క దుకాణానికి మాస్టొడాన్ బరువే. మళ్లీ పెట్టాల్సి వస్తే ఇదే పని చేసే గోటూసోషల్ లాంటి తేలిక సాఫ్ట్‌వేర్ చూస్తాను.

అమ్మకాల మాటకొస్తే, మా కొనుగోలుదారులు అక్కడ లేరు. ఇది ఉన్నదున్నట్టు చెప్పాలి. వాళ్లు వాట్సాప్‌లో, పాత నెట్‌వర్క్‌లోనే ఉన్నారు. పాత పేజీ కూడా తర్వాత తిరిగొచ్చింది, దాన్ని మూసెయ్యలేదు. కానీ కొత్త దర్రీ ఫొటో, కొలతలు, ధర ముందు మా సర్వర్ మీదికే ఎక్కుతాయి. మిగతాచోట్లకు లింకు పోతుంది. బిల్లు మీద కూడా మా అడ్రసే అచ్చు వేయిస్తున్నం.

ప్రతి ఆదివారం రాత్రి దుకాణం కట్టేసినంక బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేస్తాను. బాపు దాని మీద తేదీ చీటీ అతికించి తన ఆర్డర్ల పుస్తకాల బీరువాలో పెడతాడు.