అమిగా, 286 బిల్డ్‌లకు చవక కనెక్టర్లు: ఇప్పటిదాకా అయిన పని

పాత హోమ్ కంప్యూటర్ అమిగా 500కి ఆర్‌జీబీ కేబుల్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లను విడివిడిగా మానిటర్‌కు చేర్చేది) తయారైంది, రంగులు శుభ్రంగా వస్తున్నాయి. ఖర్చు ఎక్కువవుతుందని టెన్షన్ పడ్డ భాగమే, అంటే కనెక్టరే, అన్నిటికంటే చవకగా తేలింది. మెషిన్ పేరు పెట్టి వెతికితే ఏ కనెక్టరైనా అరుదైన సరుకే, ధర కూడా అలాగే చెబుతారు. పిన్నులెన్ని, వాటి మధ్య దూరమెంత, మేలా (పిన్నులున్నదా) ఫిమేలా (రంధ్రాలున్నదా) అని చూసుకుని వెతికితే మామూలు ఎలక్ట్రానిక్స్ సామాన్లలోనే చాలావరకు దొరికేస్తాయి.

అమిగా వీడియో పోర్టు 23 పిన్నులది. ఆ సైజు కనెక్టర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అందుకే 25 పిన్నుల డీబీ-25 కనెక్టర్, ఫిమేల్ రకం తీసుకుని, ముందున్న రేకు ఊడదీసి, 13, 25 పిన్నులున్న చివరను హ్యాక్‌సాతో కోశాను. కోసిన అంచును ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తే పోర్టులో చక్కగా కూర్చుంటుంది. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. పై వరుస నంబర్లు మారవు కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం 3, 4, 5లోనే, సింక్ (తెరమీద బొమ్మను నిలకడగా ఉంచే సిగ్నల్) 10లోనే ఉంటాయి. కింది వరుస మాత్రం ఒక అంకె జరుగుతుంది. ప్లాస్టిక్ మీద 24 అని ఉన్నది అమిగా లెక్కలో 23, అంటే 5 వోల్టులు. 23 అని ఉన్నది నిజానికి 22, అక్కడ 12 వోల్టులు వస్తాయి. మానిటర్‌కు తగిలించే ముందు మల్టీమీటర్‌తో ఒక్కో తీగా చూడాల్సిందే.

286 (80286 ప్రాసెసర్ ఉన్న పాత పీసీ) బోర్డుకు సీరియల్ పోర్టు బ్రాకెట్ కావాలి, అంటే బోర్డు మీది పిన్నుల గుంపు (హెడర్) నుంచి కేసు వెనక ఉండే 9 పిన్నుల డీబీ-9 దాకా వెళ్లే కేబుల్. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ వైరింగ్‌లు రెండు రకాలు. ఒకదాంట్లో హెడర్ పిన్ నంబరూ డీబీ-9 పిన్ నంబరూ ఒకటే. రెండోదాంట్లో రిబ్బన్ కేబుల్ తీగలు వరసగా 1, 6, 2, 7, 3 అంటూ వెళ్తాయి. బోర్డు ఏ రకమో తేల్చడం తేలికే: కరెంటు తీసేసి, హెడర్‌లో 5వ పిన్ గ్రౌండ్‌కు కలుస్తోందా, 9వదా చూడాలి. 5 అయితే మొదటి రకం, 9 అయితే రెండోది. నా బోర్డు రెండో రకం. దీనికి టంకం పనే లేదు, పాత రిబ్బన్ ముక్కకు రెండు వైపులా నొక్కి బిగించే కనెక్టర్లు పెడితే అయిపోయింది.

కీబోర్డుకు 5 పిన్నుల డిన్ (గుండ్రటి ప్లగ్) ఎక్స్‌టెన్షన్ కావాలి. మిడి కేబుల్ (ఎలక్ట్రానిక్ సంగీత వాయిద్యాలను కలిపేది) అచ్చం అలాగే ఉంటుంది కానీ చాలావాటిలో 1, 3 పిన్నులకు తీగే ఉండదు. కీబోర్డు క్లాక్ సిగ్నల్ వచ్చేది 1లోనే. అయిదు తీగలూ ఉన్న పాత ఆడియో కేబుల్ ఏదైనా చాలు.

మరో పాత కంప్యూటర్ కమొడోర్ 64కి కార్ట్రిడ్జ్ ఎక్స్‌పాండర్ (కార్ట్రిడ్జ్ స్లాట్లను పెంచే బోర్డు) సగంలో ఉంది. దానికి వరుసకు 22 చొప్పున 44 కాంటాక్టుల స్లాట్ కావాలి, దూరం 2.54 మిల్లీమీటర్లు. పాడైన మదర్‌బోర్డులోని 8 బిట్ ఐఎస్‌ఏ స్లాట్‌కూ (పాత పీసీల్లో కార్డులు గుచ్చేది) అదే దూరం, వరుసకు 31 కాంటాక్టులు. హాట్ ఎయిర్ గన్‌తో ఊడదీశాను, ఇంకా 22కి సరిపడా కోయాలి. కమొడోర్ 64లోనే ఉండే మరో పోర్టు, యూజర్ పోర్టుకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడి దూరం 3.96 మిల్లీమీటర్లు.

ఇంకో పాత కంప్యూటర్ అటారీ ఎస్‌టీ హార్డ్ డిస్క్ పోర్టుకు 19 పిన్నుల డీబీ-19 కావాలి. డీబీ-25ని కోసి అదీ చేయొచ్చు. కానీ తరచూ పీకి పెట్టే కేబుల్‌కు రేకు లేని ప్లగ్ నాకు నచ్చదు. 2016లో కొందరు హాబీ వాళ్లు కలిసి డీబీ-19ను మళ్లీ తయారు చేయించారు. దీనికి కొత్తదే కొంటాను.