జపాన్ లెన్స్ బిల్లులో సుంకం ఎంత, కొరియర్ రుసుము ఎంత

పాత మాన్యువల్ ఫోకస్ (చేత్తో ఫోకస్ చేసుకునే) కెమెరా లెన్సుల మీద మక్కువ ఉన్నవాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు జపాన్ అమ్మకందారుల దగ్గరికి చేరుకుంటారు. నిక్కార్ 105 ఎంఎం ఎఫ్/2.5 లాంటి లెన్స్ హైదరాబాద్ కోఠి దుకాణాల్లో కనిపించినా, గాజు లోపల ఫంగస్ లేనిది దొరకడం అంత తేలిక కాదు. జపాన్ వ్యాపారులు లెన్సును నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఫంగస్ ఉందా, పొగమంచులాంటి మసక ఉందా, ఫోకస్ రింగు బిగుసుకుందా అన్నది విడివిడిగా రాసి అమ్ముతారు. ఆ నమ్మకంతోనే నేనూ అక్కడి నుంచి తెప్పించుకుంటున్నాను. అయితే తెర మీద కనిపించే ధరకూ, పెట్టె మన గుమ్మంలోకి వచ్చేసరికి మన చేతి నుంచి వెళ్లే మొత్తానికీ చాలా తేడా ఉంటుంది. ఆ తేడా అంతటినీ మిత్రులు “కస్టమ్స్ వాళ్లు వేసేశారు” అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. అది పూర్తి నిజం కాదు. ఆ బిల్లులో ప్రభుత్వం తీసుకునేది ఒకటి, కొరియర్ కంపెనీ తీసుకునేది మరొకటి. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగినవాళ్లే కొనే ముందు అసలు ఖర్చును అంచనా వేయగలరు.

ముందు సుంకం సంగతి చూద్దాం. వ్యాపార దిగుమతి అయితే కెమెరా లెన్సులు కస్టమ్స్ సుంకాల పట్టిక అయిన టారిఫ్‌లోని 9002 శీర్షిక కిందికి వస్తాయి. కానీ సొంత వాడకం కోసం విమానంలో గానీ తపాలాలో గానీ తెప్పించుకునే వస్తువులకు 9804 అనే ప్రత్యేక శీర్షిక ఉంది. ఆ శీర్షిక కింద లెన్స్ వచ్చినా, చొక్కా వచ్చినా రేటు ఒక్కటే. సుంకం లెక్క వస్తువు ధర మీద మాత్రమే కాక, రవాణా ఖర్చునూ బీమానూ కలిపిన విలువ మీద మొదలవుతుంది. ఆ విలువ మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ వేస్తారు. ఆ డ్యూటీలో పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జిగా చేరుతుంది. ఈ మూడూ కలిసిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద వేసే జీఎస్టీ, పడుతుంది. అంటే మనం కట్టే పన్ను మీద కూడా పన్ను కడుతున్నాం. శాతాలను పక్కపక్కన పెట్టి కూడితే లెక్క తప్పేది ఇక్కడే.

2025 బడ్జెట్‌కు ముందున్న రేట్లతో ఒకసారి లెక్క వేస్తే ఇది స్పష్టమవుతుంది. లెన్స్ 45,000 రూపాయలు, రవాణా, బీమా కలిపి 5,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 50,000 మీద 35 శాతం డ్యూటీ 17,500 అవుతుంది, సర్‌ఛార్జి 1,750. ఇప్పటికి 69,250 అయింది. దాని మీద 28 శాతం ఐజీఎస్టీ 19,390. అన్నీ కలిపితే సుంకమే 38,640 రూపాయలు, అంటే 77.28 శాతం. 35కు 28 కలిపి 63 శాతం అవుతుందని అనుకున్నవారికి మిగిలిన పద్నాలుగు శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ మెట్లు చూస్తేనే అర్థమవుతుంది. అభిరుచి కోసం కొనుక్కునే ఒక పరికరం మీద ఇంత భారం న్యాయం కాదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. దేశంలో తయారు కాని, తయారీ ఎన్నడో ఆగిపోయిన పాత లెన్స్ మీద వేసే సుంకం ఏ స్థానిక పరిశ్రమనూ కాపాడదు.

తరువాత పరిస్థితి మెరుగుపడింది. 2025 బడ్జెట్‌లో ఈ శీర్షిక మీద డ్యూటీ 35 నుంచి 20 శాతానికి తగ్గింది. ఆ ఏడాది సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పుల్లో 28 శాతం 18 అయింది. 2026 బడ్జెట్‌లో డ్యూటీని 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. రెండు మూడేళ్ల కిందటి అనుభవాలు చదివి భయపడినవాళ్లు కొత్త రేట్లతో మళ్లీ లెక్క వేసుకుంటే చాలా ఊరట కనిపిస్తుంది. కాబట్టి ఎవరైనా ఒక శాతం చెబితే అది ఏ తేదీనాటి శాతమో ముందు అడిగి తెలుసుకోవాలి.

రవాణా ఖర్చు మీద కూడా సుంకం పడుతుందన్న విషయాన్ని చాలామంది పట్టించుకోరు. పై ఉదాహరణలో 5,000 రూపాయల రవాణా ఖర్చు ఒక్కటే దాదాపు 3,864 రూపాయల సుంకాన్ని తెచ్చిపెట్టింది. రెండు రోజుల్లో రావాలని ఎక్స్‌ప్రెస్ సేవ ఎంచుకునేవారు ఆ తొందరకు రెండుసార్లు చెల్లిస్తున్నారన్నమాట. అయితే చిన్న కొనుగోళ్లకు నిబంధనల్లో ఒక రక్షణ ఉంది: విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు ఎంతయినా, సుంకం లెక్కలో వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపకూడదు. పదివేల రూపాయల లెన్స్‌కు నాలుగు వేలు రవాణా అయితే రెండు వేలే లెక్కలోకి రావాలి. బిల్లులో ఈ అంకెను సరిచూసుకోవడం మన పనే. డాలరు, యెన్ మారకం రేటు కూడా మన బ్యాంకు కార్డు రేటు కాదు, కస్టమ్స్ శాఖ ప్రకటించే రేటు. కార్డు కంపెనీ వేసే విదేశీ కరెన్సీ రుసుము వీటన్నిటికీ అదనం.

ఇక కొరియర్ రుసుము. పెద్ద కంపెనీలు విమానాశ్రయంలో సుంకాన్ని మన తరఫున ముందే కట్టి పార్సిల్‌ను విడిపిస్తాయి. ఆ సేవకు సుంకంలో ఇంత శాతం, లేదా కనీసం ఇంత మొత్తం, ఏది ఎక్కువైతే అది వసూలు చేస్తాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ. కాగితాలు ఆలస్యమై సరుకు గోదాములో ఉండిపోతే నిల్వ రుసుము కూడా మొదలవుతుంది. తక్కువ ధర లెన్స్ విషయంలో ఈ కనీస రుసుమే చాలా భారమవుతుంది, ఎందుకంటే సుంకం వస్తువు విలువతో పాటు తగ్గుతుంది కానీ కనీస రుసుము తగ్గదు. రెండు మూడు చిన్న వస్తువులు కొనేటప్పుడు అమ్మకందారుతో మాట్లాడి ఒకే పెట్టెలో పంపమంటే, కొరియర్ రుసుము ఒక్కసారే పడుతుంది.

ఒకసారి ఒక కొరియర్ సంస్థ నుంచి వచ్చిన కాగితంలో “సుంకం మరియు ఇతర రుసుములు” అని ఒకే వరుస, దాని ఎదురుగా ఒకే మొత్తం ఉన్నాయి. నేను డబ్బు కట్టే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ పంపమని ఈమెయిల్ రాశాను. కస్టమ్స్‌కు దాఖలు చేసే పత్రం అది. అందులో శీర్షిక సంఖ్య, ప్రకటించిన విలువ, మదింపు విలువ, మారకం రేటు, ప్రతి పన్నూ వేరువేరు గడుల్లో ఉంటాయి. అది వచ్చాక సుంకం ఎంతో, కంపెనీ రుసుము ఎంతో ఒక్క చూపులో తెలిసింది. ఆ పత్రం అడగడం మన హక్కు, సంకోచించాల్సిన పని లేదు. తరువాత లెన్స్ అమ్ముకున్నా, బీమా క్లెయిము చేసినా అదే ఆధారం.

తపాలా మార్గం వేరు. జపాన్ నుంచి ఈఎంఎస్ అనే తపాలా ఎక్స్‌ప్రెస్ సేవలో వచ్చే పెట్టెను విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ అధికారులు మదింపు చేస్తారు, పోస్ట్‌మ్యాన్ ఇంటికి తెచ్చి సుంకం వసూలు చేసుకుంటాడు. రుసుములు తక్కువ, సమయం ఎక్కువ. తొందర లేని లెన్స్‌కు నేను ఇదే ఎంచుకుంటాను.

పెట్టె దేశంలోకి రాగానే కేవైసీ పత్రాలు అడుగుతూ సందేశం వస్తుంది. సరిగ్గా ఈ సమయంలోనే మోసగాళ్లు కూడా “మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది” అంటూ లింకులు పంపుతుంటారు. కస్టమ్స్ శాఖ ఎవరి సొంత ఖాతాలోకీ డబ్బు పంపమని ఫోన్‌లో అడగదు. ఆ శాఖ పంపే లేఖల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. నేనైతే వచ్చిన లింకును తాకకుండా, ట్రాకింగ్ సంఖ్యను కొరియర్ వెబ్‌సైట్‌లో స్వయంగా కొట్టి అక్కడే పత్రాలు ఎక్కిస్తాను.

కొందరు అమ్మకందారులు తామే ముందుకొచ్చి, పెట్టె మీద బహుమతి అని రాస్తామనీ, ధర తగ్గించి వేస్తామనీ చెబుతారు. దయచేసి ఒప్పుకోకండి. 2019 డిసెంబరు నుంచి రాఖీ, ప్రాణరక్షక ఔషధాలు మినహా, పూర్తి సుంకం కట్టకుండా బహుమతిగా వస్తువుల దిగుమతికి అనుమతి లేదు. ధర తప్పుగా చూపిస్తే సరుకు జప్తుకూ జరిమానాకూ కస్టమ్స్ చట్టం అవకాశమిస్తుంది. పైగా దారిలో లెన్స్ పగిలితే బీమా వచ్చేది కాగితం మీద ఉన్న ఆ తక్కువ ధరకే.

వచ్చిన లెన్స్ చెప్పినట్టు లేకపోతే అమ్మకందారు ధర తిరిగి ఇస్తాడు, సుంకం ఇవ్వడు. కస్టమ్స్ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం వాడని వస్తువును రెండేళ్ల లోపు తిరిగి ఎగుమతి చేస్తే సుంకంలో 98 శాతం వరకు వెనక్కి పొందే వీలుంది. కానీ వచ్చిన వస్తువే వెళ్తోందని అధికారుల ముందు రుజువు చేయాలి. మరమ్మతుకు జపాన్ పంపించినా అంతే: పంపేటప్పుడు ఎగుమతి పత్రాలు సరిగా ఉంటే, తిరిగి వచ్చినప్పుడు మరమ్మతు ఖర్చు, రానుపోను రవాణా, బీమా మీదే సుంకం పడుతుంది. పత్రాలు లేకపోతే కొత్తగా కొన్న లెన్సులాగే లెక్కిస్తారు. ఖరీదైన లెన్సులతో విదేశాలకు వెళ్లేవారు కూడా, తిరిగి వచ్చేటప్పుడు వాటి మీద సుంకం పడకుండా, బయలుదేరే విమానాశ్రయంలోనే కస్టమ్స్ కౌంటరు దగ్గర సీరియల్ నంబర్లు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. చెక్-ఇన్‌కు ముందే ఆ పని ముగించుకునేలా విమానాశ్రయానికి కాస్త తొందరగా చేరుకుంటే మంచిది.